లింగవ్వ కొంగున ముడులు

1962 జనవరి 15, సోమవారం

మళ్ళీ పోయారు.

కిటికీ దగ్గర కూర్చుని లెక్కపెట్టాను. ముందు లింగవ్వ, ఆమె వెనక కోడలు భాగ్యవ్వ చంకలో పిల్లతో, పది అడుగుల దూరంలో కొడుకు నర్సయ్య. తరవాత పెద్దులు, చిన్నక్క. ఇంకో ఇద్దరు తలకు గుడ్డ చుట్టుకుని ఉన్నారు, పోల్చుకోలేకపోయాను. అందరూ మా సంఘం వాళ్ళే. ఆర్మూరుకు వచ్చిన ఈ మూడేళ్ళలో ప్రభు బల్ల దగ్గర నా చేతి రొట్టె తిన్నవాళ్ళే. అందరూ పోయింది మాత్రం కాశీరాం సేటు గోదాము వైపు.

అక్కడ దేవన్న ఉంటాడు. పగలు గోదాము వసారాలో పసుపు సంచులు కుడతాడు, సాయంత్రం దీపం పెట్టుకుని వాక్యం చెబుతాడు. ఐదో తరగతి చదువు, అదీ నిజాం కాలపు ఉర్దూ బడిలో. పసిపిల్లలకు బాప్తిస్మం చెల్లదంటాడు. మనిషి ఎదిగి, నమ్మి, తన నోటితో చెప్పి, నిలువునా నీళ్ళలో మునిగితేనే చెల్లుతుందట. ఆ సంగతి మీద ఎనిమిది పేజీల కరపత్రం అచ్చేయించాడు. దానికి నేను ముప్పై రెండు పేజీల జవాబు రాసి పుస్తకంగా అచ్చేయించాను. ఏడాది దాటింది, మారు జవాబు రాలేదు. నా వాదనకు నోరు మూతపడిందనుకుని సంతోషించాను. ఇప్పుడు తెలుస్తోంది, అతను జవాబు కాగితం మీద రాయడం లేదు.

సోమవారమే ఎందుకు? ఆదివారం నేను విత్తింది మొలకెత్తకముందే పెరికేయాలి గనక.

జనవరి 16

నా భార్య శాంతతో అన్నాను. ఈమె ఈ జిల్లా మనిషే, మిషన్ బళ్ళో టీచరు. మావాళ్ళ సంగతి నాకంటే ఎక్కువ తెలుసునని ఈమె ధీమా.

"ఆదివారం గుడికి వస్తున్నరా లేదా?" అంది.

"వస్తున్నారు."

"మరింకేంది మీ పరేశాను?"

చీపురు పట్టుకుని అటు తిరిగి, "మీరు జర అలకగ చెప్తె బాగుంటది," అంది. నెమ్మదిగా చెప్పమంటోంది కాబోలు. కృష్ణా జిల్లా వాళ్ళం గబగబా మాట్లాడతామని ఇక్కడ ప్రతివాడూ అంటాడు. సరే, ఈ ఆదివారం నుంచి నెమ్మదిగానే చెబుతాను.

జనవరి 18

రాత్రంతా నర్సయ్య కూతురి సంగతే. పిల్లకు ఎనిమిది నెలలు నిండాయి, ఇంకా బాప్తిస్మం కాలేదు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. బిడ్డ బాప్తిస్మానికి ముందు తల్లీతండ్రీ నా ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ముఖ్యమైన ప్రశ్న ఒకటే. ఏమీ తెలియని పసిబిడ్డకు బాప్తిస్మం ఎందుకు? నర్సయ్యనూ భాగ్యవ్వనూ ఆగస్టులో ఒకసారి అడిగాను, డిసెంబరులో ఒకసారి అడిగాను. రెండుసార్లూ నేల చూపులే. "మీరే చెప్పుండ్రి అయ్యగారు," అన్నాడు నర్సయ్య. చెప్పాను, గంటసేపు. మళ్ళీ అడిగితే మళ్ళీ నేల చూపులు. ఈస్టరుకు వాయిదా వేశాను.

అప్పుడు మొద్దుతనం అనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి. వాళ్ళకు జవాబు రాక కాదు, చెప్పడం ఇష్టం లేక. పిల్ల పెద్దదయ్యేదాకా ఆపమని దేవన్న ఎక్కించి ఉంటాడు.

ఆ పిల్ల నా చేతిలోంచి పోతే ఆ ఇల్లు పోతుంది. లింగవ్వ ఇల్లు పోతే వాడలో సగం పోతుంది. ఇరవై ఏడు ఇళ్ళ సంఘంలో చివరికి మిగిలేది నేనూ, శాంతా, గుడి గంటా.

జనవరి 21, ఆదివారం

నెమ్మదిగా చెప్పాను. గంటా పది నిమిషాలు పట్టింది.

ఒక వింత చూశాను. లింగవ్వ రెండో వరసలో కూర్చుంటుంది. నేను చెబుతుంటే ఆమె పెదవులు కదులుతున్నాయి, చేతులు కొంగు దగ్గర ఏదో చేస్తున్నాయి. కొంగుకు ముడి వేస్తోంది. నేను ప్రసంగంలో గట్టి చోటికి వచ్చినప్పుడల్లా ఒక ముడి. 'ప్రాయశ్చిత్తము' దగ్గర ఒకటి, 'నిబంధన' దగ్గర ఒకటి. చివరికి లెక్కపెడితే పదకొండు.

ఏమిటవి? నా తప్పులు గుర్తుపెట్టుకు రమ్మని పంపాడా?

నా ప్రసంగంలో పదకొండు తప్పులా?

జనవరి 22, సోమవారం

పోయారు. పదమూడు మంది. లింగవ్వ కొంగున ముడులు అలాగే ఉన్నాయి, విప్పలేదు. కిటికీలోంచి కనిపించాయి.

జనవరి 27

బజారులో దేవన్న ఎదురయ్యాడు. నన్ను చూడగానే సైకిలు దిగాడు. ఎప్పుడూ దిగుతాడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, అయినా ముందు తనే "వందనాలు అయ్యగారు" అంటాడు. అతివినయం ధూర్త లక్షణం అని ఊరికే అనలేదు పెద్దలు.

"మీ పుస్తకం సదివిన. మస్తు మంచిగ రాసిండ్రు," అన్నాడు.

"అయితే ఒప్పుకున్నట్టేనా?"

"లేదు. నా మాట నాదే. గని నేను ఒప్పుకోనిదాన్ని గింత మంచిగ ఎవ్వలు చెప్పంగ సూడలే."

పొగిడాడో పొడిచాడో తెలియలేదు. అసలు సంగతి ఆ తరవాత బయటికి వచ్చింది.

"అయ్యగారు, గా పుస్తకాలు రెండు దొర్కుతయా? లింగవ్వ కాడ ఒక్కటున్నది. అది గూడ పప్పు కుండకు మూతేసింది."

"నీకెందుకు?"

"పని ఉన్నది."

"అయిపోయాయి," అన్నాను.

నా మొహం వంక ఒక క్షణం చూశాడు. "గట్లనా. మల్ల అచ్చేస్తె యాదిజేయుండ్రి," అని సైకిలెక్కాడు.

మంచం కింద ట్రంకు పెట్టెలో నలభై ఉన్నాయి. అయితే ఏం? తోడేలు అడిగిందని కాపరి దొడ్డి తాళం ఇస్తాడా? దీన్ని అబద్ధం అనరు. జాగ్రత్త అంటారు.

ఫిబ్రవరి 4, ఆదివారం

ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరాయని, లోకం ముగిసిపోతుందని ఊరంతా గోల. పసుపు ఉడకబెట్టే పని కూడా రెండు రోజులు ఆపారు. కడాయిల కింద పొయ్యిలు ఆర్పేశారు. గుడి నిండిపోయింది. భయం మీద ప్రసంగం చేశాను, నాకే బాగుందనిపించింది. బల్ల మీది తెల్లగుడ్డ మీద మాత్రం పసుపు వేళ్ళ గుర్తులు. ఈ కాలంలో మావాళ్ళ చేతులు ఎంత కడిగినా తెల్లబడవు. శాంత ఉతికి ఉతికి విసిగిపోయింది.

లింగవ్వ ముడులు పధ్నాలుగు.

ఫిబ్రవరి 5, సోమవారం

లోకం ముగియలేదు. వాళ్ళు పోయారు. పందొమ్మిది మంది.

ఫిబ్రవరి 17

కాశీరాం సేటు దగ్గరికి వెళ్ళాను. పెద్దమనిషి, మా బడికి బల్లలు చేయించి ఇచ్చాడు.

"సేటుగారూ, మీ మేలు కోరి చెబుతున్నా. వసారా నిండా గోనెలు, లోపల ఎండిన పసుపు. మధ్యలో కిరోసిన్ దీపం పెట్టుకుని సోమవారం సోమవారం ఇరవై మంది. ఒక్క రవ్వ పడితే?"

"ఆరేండ్ల సంది దీపం పెడ్తుండు అయ్యగారు. ఏం గాలే."

"అయ్యాక అనుకుంటే లాభం ఏముంది?"

సేటు గడ్డం గోక్కున్నాడు. "ఒక్కమాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మీరిద్దరు ఒక్క దేవునోళ్ళే గద?"

"దేవుడి సంగతి కాదు సేటుగారూ, దీపం సంగతి."

నేను అబద్ధం ఏమీ చెప్పలేదు. దీపం ఉంది. గోనెలున్నాయి. పసుపు ఉంది. మూడూ నిజమే.

ఫిబ్రవరి 24

దేవన్న గోదాము ఖాళీ చేశాడు. పగలు వచ్చి సంచులు కుట్టుకోవచ్చునట, సాయంత్రం మనుషులు కూడరాదు, దీపం పెట్టరాదు, పడుకోరాదు. ఆలూరు దోవలో పసుపు ఉడికించే చోట ఏదో గుడిసెలోకి మారాడని శాంత చెప్పింది.

"సేటుకు గిట్ల మనసుల ఎవలు వేసిండ్రో," అని నా వంక చూసింది.

సేటుకు దీపం భయం పట్టుకుని ఉంటుందన్నాను. అన్నం గిన్నె నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 26, సోమవారం

వీధి ఖాళీగా ఉంది. ఒక్కరూ పోలేదు. హాయిగా ఉంది.

చాలా హాయిగా ఉంది.

మార్చి 5, సోమవారం

ఆలూరు దోవ పట్టారు. మైలున్నర నడిచి పోతున్నారు. పొద్దంతా పొయ్యిల దగ్గర పని చేసి, మళ్ళీ అంత దూరం. నా గుడి వాళ్ళ ఇళ్ళకు నాలుగు అడుగుల్లో ఉంటే ప్రార్థన కూడికకు నడుము నొప్పి అడ్డం వస్తుంది చిన్నక్కకు.

ఏం పెడుతున్నాడు వీళ్ళకు?

మార్చి 13

దేవన్న మళ్ళీ సైకిలు దిగాడు, మళ్ళీ వందనాలన్నాడు. సేటుతో మాట్లాడింది నేనని తెలియదు. తెలిస్తే దిగుతాడా?

మార్చి 24

లింగవ్వకు జ్వరమంటే చూడటానికి వెళ్ళాను. ఆమె నిద్రపోతోంది, భాగ్యవ్వ నీళ్ళకు పోయింది. గోడ గూట్లో ఒక పుస్తకం కనబడింది. అచ్చు పుస్తకం కాదు. చేత్తో రాసి, సంచులు కుట్టే సుతిలితో మధ్యలో కుట్టారు. తెరిచాను.

నా మాటలు. నా ముప్పై రెండు పేజీలూ, అక్షరం పొల్లు పోకుండా, ఎవరి దస్తూరీతోనో. పక్కన అంచుల మీద ఉర్దూలో ఏవేవో గుర్తులు. కొన్ని వాక్యాల కింద గీతలు. పేజీల మూలల్లో పసుపు వేలిముద్రలు.

అయితే జవాబు తయారవుతోందన్న మాట. పుస్తకం దొరకకపోతే కూర్చుని ఎత్తి రాసుకున్నాడు, వాక్యం వాక్యం పట్టుకుని చీల్చడానికి. నన్ను నా సంఘం ఇంట్లోనే చీలుస్తున్నాడు.

చప్పుడు చేయకుండా గూట్లో పెట్టేసి వచ్చాను. లింగవ్వ కోసం ప్రార్థన చేయడం మరిచిపోయానని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

ఏప్రిల్ 7

నిజామాబాదులోని సూపరింటెండెంటు గారికి ఉత్తరం రాసి ఉంచాను. నర్సయ్య కుటుంబం ఈస్టరు పరీక్షలో కూడా నోరు విప్పకపోతే, వాళ్ళను సంఘం పట్టీ నుంచి తీసివేయడానికి అనుమతి కోరాను. దేవన్న చేస్తున్న పని కూడా వివరంగా రాశాను. మంచి ఉత్తరం. రెండుసార్లు చదువుకున్నాను.

పరీక్ష అయ్యాక పోస్టు చేస్తాను.

ఏప్రిల్ 14, శనివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి వచ్చారు. నర్సయ్య, భాగ్యవ్వ, పిల్ల. వెనక లింగవ్వ. వసారాలో చాప వేసి కూర్చోబెట్టాను. శాంత గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది.

అడిగాను. ఏమీ తెలియని పసిబిడ్డకు బాప్తిస్మం ఎందుకు?

నర్సయ్య భార్య వంక చూశాడు. భాగ్యవ్వ పిల్లను ఈ తొడ మీది నుంచి ఆ తొడ మీదికి మార్చుకుంది. నేల వంక చూస్తుందనుకున్నాను. నా వంకే చూసింది.

"పిల్ల పుట్టంగనే పేరు వెట్టినం అయ్యగారు. దానికేమన్న తెల్సా? తెల్వది. మేమే పిలుసుకుంట ఉన్నం. పిలువంగ పిలువంగ ఇప్పుడు తల తిప్పి సూస్తున్నది. దేవుడు గూడ గట్లనే. మనకు తెల్వకముందే మనతోని ఖరారు చేసుకుంటడు. మనం అడిగినమని గాదు, ఆయిన మనసు గసుంటిది. గా ఖరారుకు గుర్తు ఈ నీళ్ళు. పిల్ల పెద్దగైనంక అది నాదే అని దస్కతు వెట్టాలె. దస్కతు వెట్టెదాక అది మరువకుంట సూసుకునుడు మా పని."

నర్సయ్య అందుకున్నాడు. "అది వెట్టనంటె గూడ ఆయిన ఖరారు తప్పడు అయ్యగారు. తప్పెటోళ్ళం మనం."

ముప్పై రెండు పేజీల్లో నేను చెప్పింది ఇదే. 'నిబంధన' అని రాసింది ఈ ఖరారునే. కానీ ఇంత తేటగా నేను ఎప్పుడూ చెప్పలేదు. నాకు తెలిసి మా సెమినరీలో కూడా ఎవరూ చెప్పలేదు.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"దేవన్న," అంది భాగ్యవ్వ.

"దేవన్నా? అతనికి ఇది నచ్చదు కదా. తప్పంటాడు కదా."

"తప్పనే అంటడు. 'గిది అయ్యగారి మాట, గిది నా మాట' అని రెండు వేరు వేరు చెప్తడు. 'మీరు అయ్యగారి సంఘపోళ్ళు, ముందుగాల అయ్యగారి మాట మంచిగ సమజ్ చేసుకోండ్రి' అంటడు. మీ పుస్తకం దొర్కలేదని కూసుండి రాసిండు, పది దినాలు. మాకు సదివి ఇనిపిస్తడు."

శాంత బియ్యం ఏరడం ఆపింది.

అప్పుడు లింగవ్వ కొంగు ముందుకు లాక్కుంది. "మీరు దొడ్డ సదువు సదివిండ్రు అయ్యగారు. మీ మాటలు మాకు అందయి. మిమ్ములనే అడుగుదమంటె భయమాయె. నాకు సదువు రాదు, యాదికుండది. అందుకని సమజ్ గాని మాటకొక ముడి ఏసుకుంట. సోమారం దేవన్న కాడ ఒక్కొక్క ముడి ఇప్పుకుంట అడుగుత. అయ్యగారు గీ మాట అన్నడు, ఏందది, అని. ఆయిన చెప్తడు. అన్ని ముడులు ఇప్పినంకనే ఇంటికి వస్తం."

సోమవారం వాళ్ళు నా దగ్గరనుంచి పోవడం లేదు. ఆదివారం నేను చెప్పింది తెలుసుకోవడానికి పోతున్నారు. మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో నా నోటి నుంచి వచ్చిన ప్రతి ప్రసంగమూ, నా సిద్ధాంతం తప్పనే మనిషి నోటి మీదుగా నా సంఘానికి చేరింది.

"బాప్తిస్మం ఈస్టరు నాడే," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక శాంతను అడిగాను. నీకు తెలుసా?

"మీరు చెప్పేటియి వాళ్ళకు సమజైతలేవని తెల్సు. దేవన్న చెప్తుండని తెల్వది." "అలకగ చెప్పుండ్రి అని ఎన్నిసార్లన్న మీతోని?" అంది.

అలకగా అంటే నెమ్మదిగా అని కాదు. తేలికగా అని.

ఏప్రిల్ 15, మట్టల ఆదివారం

పది నిమిషాలే మాట్లాడాను. సిగ్గుగా ఉంది. కళ్ళెత్తి రెండో వరస వైపు చూడలేదు.

ఏప్రిల్ 16, సోమవారం

పొద్దున ట్రంకు తెరిచాను. నలభై పుస్తకాల్లో సగానికి పైగా చెదలు తిన్నాయి. బాగున్నవి పదహారు. గుడ్డలో మూటకట్టుకుని ఆలూరు దోవ పట్టాను.

దేవన్న గుడిసె ముందు సంచి కుడుతున్నాడు. పక్కన ఆఖరి కడాయి ఉడుకుతోంది, పసుపు ఆవిరికి కళ్ళు మండాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి," అన్నాను. ఇన్నాళ్ళూ ఆయన్ని నువ్వు అనే పిలిచాను. ఆయన గమనించాడో లేదో.

మూట విప్పి ముందు పెట్టాను.

"మల్ల అచ్చేసిండ్రా?"

"లేదు. మీరు అడిగిన రోజే నా దగ్గర నలభై ఉన్నాయి."

ఆయన ఒక పుస్తకం తీసి దుమ్ము దులిపాడు.

"ఇంకో సంగతి. గోదాము..."

"ఎర్కే అయ్యగారు. సేటు గా దినమే చెప్పిండు."

తెలుసు. ఫిబ్రవరి నుంచీ తెలుసు. తెలిసే మార్చిలో సైకిలు దిగి వందనాలన్నాడు. తెలిసే పది రోజులు కూర్చుని నా పుస్తకం ఎత్తి రాశాడు. తెలిసే ఈ గుడిసె ముందు భాగ్యవ్వకు నా జవాబు నేర్పాడు. పక్కనున్న ఒక సంచి మీద కూర్చున్నాను.

"క్షమించండి," అన్నాను. "నేను మిమ్మల్ని దొంగ అనుకున్నాను."

"అనుకుంటరని నాకు గూడ అనుమానమే ఉండె," అని నవ్వాడు. "సోమారం సోమారం మీ కిటికీ తెరుసుకోని ఉంటదని చిన్నక్క చెప్పింది."

అడగవలసింది అడిగాను. మీకు నచ్చని మాట అంత శ్రద్ధగా ఎందుకు నేర్పారు? మీ మాటే చెప్పి ఊరుకుంటే ఆ ఇల్లు మీదయ్యేది కదా.

ఆయన సూది సంచికి గుచ్చి పక్కన పెట్టాడు.

"తెల్వని పిల్లకు బాప్తిస్మం ఎందుకని నేను కొట్లాడుత గద అయ్యగారు. గసుంటప్పుడు తెల్వని అమ్మనయ్యలను నా దిక్కు ఎట్ల గుంజుకుంట? తెల్వక చిలకరించుకునుడు ఎంత తప్పో, తెల్వక మునుగుడు గంతే తప్పు. ముందు మీరెందుకు చేస్తరో తెల్సుకోవాలె. తెల్సుకోని వద్దంటె, గప్పుడు నా తానికి రావాలె. ఆళ్ళు తెల్సుకోని మీ మాటే పట్టుకున్నరు. నాకు జర బాధనే అయింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. గని మంచిగ పట్టుకున్నరు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిరి మీదికి నెట్టేశాను.

తరవాత గంటసేపు వాదించుకున్నాం. ఆయన వాదన ఇప్పటికీ తప్పే. నాది తప్పని ఆయనా ఒప్పుకోలేదు. పేరు పెట్టడం వేరు, పెండ్లి వేరు, పెండ్లికి పిల్ల ఒప్పుకోవాలె గద అంటాడు. బాప్తిస్మం పెండ్లి కాదు, పుట్టుక అంటాను నేను. ఇంత మంచి వాదన సెమినరీ వదిలాక మళ్ళీ దొరకలేదు.

లేచేముందు అడిగాను. సోమవారాలు మా గుడి అరుగు మీద కూర్చోవచ్చు కదా అని.

"మీ గుడి అరుగు మీద కూసుండి నా మాట గూడ చెప్త. దాపుకోని చెప్పుడు నాతోని గాదు," అన్నాడు.

"చెప్పండి. నా మాట కూడా మానకుండా చెప్పండి."

సేటు దగ్గరికి కూడా వెళ్ళాను, దీపం మాట నేను కుళ్ళుతో అన్నానని చెప్పడానికి. ఆ చోట అప్పుడే వేరేవాళ్ళ సంచులు నింపేశాడు. "మంచిగనే ఉన్నది మీ ఇద్దరి కొట్లాట," అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడి మొహం ఎలా ఉంటుందో సేటు ఇవాళ చూశాడు.

ఏప్రిల్ 22, ఈస్టరు

దేవన్న వచ్చాడు. ఆఖరి వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాటలు పాడాడు, ప్రసంగం విన్నాడు. నర్సయ్య, భాగ్యవ్వ పిల్లను తీసుకుని ముందుకు వచ్చారు. నేను నీళ్ళ గిన్నె చేతిలోకి తీసుకున్నాను. ఆయన లేచి బయటికి వెళ్ళాడు.

గుమ్మంలోంచి కనబడుతున్నాడు. ఎండలో, తల మీద తువ్వాలు వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నర్సయ్య మొహం చిన్నబోయింది. పోయిన నెల అయితే నేనే దీన్ని అందరి ముందు చేసిన అవమానం అని ఈ డైరీలో నాలుగు పేజీలు రాసేవాణ్ణి. ఇవాళ మాత్రం గౌరవం కలిగింది. ఒప్పుకోని మనిషి ఒప్పుకున్నట్టు కూర్చోలేదు.

పిల్లకు రామవ్వ అని పేరు పలికి, మూడుసార్లు నీళ్ళు చిలకరించాను. పిల్ల ఏడవలేదు.

అయిపోగానే దేవన్న లోపలికి వచ్చి తన చోట కూర్చున్నాడు. కూడిక ముగిశాక పిల్లను అడిగి తీసుకున్నాడు.

"పెద్దగైనంక నా తానికి రా బిడ్డా," అన్నాడు. "మీ అయ్యగారు ఒకటి చెప్పిండు, నేనొకటి చెప్పిన. ఏది సరి అయినదో నువ్వే చెప్పాలె."

పిల్ల ఆయన మీసం పట్టుకుంది.

ఏప్రిల్ 23, సోమవారం

నేనూ పోయాను. పోవడమంటే మా గుడి అరుగు దాకానే.

ఇరవై రెండు మంది. వెనక కూర్చున్నాను. లింగవ్వ ఒక్కొక్క ముడీ విప్పుతూ అడిగింది, దేవన్న చెప్పాడు. నిన్నటి నా ప్రసంగం నాకు మొదటిసారి పూర్తిగా అర్థమైంది. ఒకచోట ఆగి వెనక్కి తిరిగి, "గంతేనా అయ్యగారు?" అని అడిగాడు. అంతేనన్నాను. నిజానికి నేను అంత బాగా అనలేదు. తరవాత, "ఇగ నా మాట," అని మొదలుపెట్టి నేను చెప్పినదాన్ని సగం కొట్టిపారేశాడు. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. జవాబు వచ్చే ఆదివారం చెబుతాను.

సూపరింటెండెంటు గారికి తెలిస్తే ఏమంటారో తెలియదు. ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. నాకు పెద్దులు మీద అనుమానం.

ఆయనకు రాసిన ఉత్తరం ఈ డైరీలోనే పెట్టుకున్నాను. చింపలేదు. మళ్ళీ ఎవరి మీదైనా అలాంటిది రాయాలనిపిస్తే తీసి చదువుకోవడానికి.

ఏప్రిల్ 29, ఆదివారం

లింగవ్వ కొంగున నాలుగు ముడులే. ఒకటి 'మహిమ' దగ్గర వేసింది, చూశాను. మిగతా మూడూ ఏ మాటలో రేపు దేవన్న దగ్గర కూర్చుంటే గానీ తెలియదు.